గంగథడి గుర్రం
(గోదావరి లోయ కథ – ఏడో భాగం)

1728 ఫిబ్రవరి నెలాఖరు. గోదావరి ఎగువన, ఇప్పటి మహారాష్ట్రలోని వైజాపూర్ ప్రాంతంలో, పాల్‌ఖేడ్ అనే ఊరి దగ్గర నిజాం-ఉల్-ముల్క్ సైన్యం చిక్కుబడిపోయింది. దక్కనులో పేరుమోసిన ఫిరంగిదళం ఆయనది. కానీ ఫిరంగిని ఎడ్లు లాగాలి, ఎడ్లకు బాట కావాలి, నీళ్లు కావాలి. అవతలి పక్షాన పేష్వా బాజీరావు దగ్గర బరువైన సరంజామా ఏదీ లేదు. అంతకుముందు నెలల్లో ఆయన రౌతులు జాల్నా పరగణాలో కనిపించారు, బుర్హాన్‌పూర్ మీద పడుతున్నట్టు భ్రమ కల్పించారు, ఖాందేశ్ మీదుగా గుజరాత్ దాకా పోయారు. ఈలోగా నిజాం పుణె వైపు కదిలాడు. బాజీరావు వెనక్కి తిరిగి గోదావరి తీరంలో ప్రత్యక్షమయ్యేసరికి, నిజాం పెద్ద ఫిరంగులను వెనక వదిలేసి నది దాటి రావాల్సి వచ్చింది. పాల్‌ఖేడ్ దగ్గర మరాఠా రౌతులు నీళ్ల దారి, గింజల దారి మూసేశారు. పెద్ద యుద్ధమేమీ జరగలేదు. మార్చి 6న పైఠాన్‌కు దగ్గర్లోని ముంగీ-శేవ్‌గావ్‌లో సంధి కుదిరింది.

రెండు వందల ఏళ్లు దాటాక, రెండో ప్రపంచ యుద్ధంలో పేరు తెచ్చుకున్న బ్రిటిష్ సేనాని మాంట్‌గోమరీ యుద్ధాల చరిత్ర రాస్తూ ఈ దండయాత్రను ఎంతో మెచ్చుకున్నాడు. బాజీరావు చురుకుదనం గురించి ఆ తర్వాత చాలామంది రాశారు. ఆ చురుకుదనాన్ని వీపున మోసిన జంతువు గురించి మాత్రం రాసినవాళ్లు తక్కువ.

అలా రాసిన కొద్దిమందిలో ఒకడు జేమ్స్ గ్రాంట్ డఫ్. 1826లో అచ్చయిన తన మరాఠాల చరిత్ర మొదట్లోనే, దేశ వర్ణన చేస్తూ, మేలైన గుర్రాలకు పేరుపడ్డ నాలుగు నదుల ఒడ్లను లెక్కపెట్టాడు: గోదావరి, భీమా, నీరా, మాణ్. చివరి రెండు నదుల గుర్రాలు చిన్నవే అయినా దక్కనులోకెల్లా గట్టివని అన్నాడు. ఆ దేశంలో నది ఒడ్డును ‘థడి’ అంటారు. భీమా ఒడ్డు భీమ్‌థడి. గోదావరిని అక్కడా మన దగ్గరా గంగ అనే పిలుస్తారు కాబట్టి గోదావరి ఒడ్డు గంగథడి. నాసిక్ నుంచి పైఠాన్, గంగాఖేడ్, నాందేడ్ దాకా సాగే ఈ ఒడ్డు గుర్రాలే ఈ భాగానికి కథానాయకులు.

అదే నది కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టి, బాసర, ధర్మపురి దాటి మన గోదావరిఖని పక్క నుంచి పారుతుంది. నది ఒక్కటే అయినా ఎగువ ఊళ్లు గుర్రాలకు పేరు తెచ్చుకున్నాయి, దిగువ ఊళ్లు బొగ్గుకు. ఆ తేడాకు కారణం నేలలోనే ఉంది.

రాయి మారిన చోట

గోదావరి పుట్టే త్ర్యంబకం నుంచి నాందేడ్ పరిసరాల దాకా దాదాపు అంతా నల్లరాతి దేశం. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట పొరలు పొరలుగా పారిన లావా గడ్డకట్టి ఏర్పడిన దక్కను బసాల్ట్ అది. ఆ రాయి చివికితే నల్లరేగడి అవుతుంది. రేగడిలో సున్నపు గుండ్లు దొరుకుతాయి, నీళ్లలోనూ సున్నం ఉంటుంది. ఎదిగే గుర్రపు పిల్ల ఎముకకు కావలసింది అదే. వానలు మితంగా పడతాయి, గాలి పొడిగా ఉంటుంది. రబీలో జొన్న పండుతుంది, జొన్న కోశాక చొప్ప మిగులుతుంది. వానాకాలం వెళ్లాక బీళ్లలో, వాగుల ఒడ్డున గడ్డి ఉంటుంది. ఎత్తుపల్లాల రాతినేల మీద తిరిగే పిల్లకు గిట్ట గట్టిపడుతుంది.

తెలంగాణలోకి వచ్చాక ఈ నల్లరాతి పొర పలచబడి నిర్మల్, బాసర దిక్కున తెగిపోతుంది. ఆ తర్వాత గ్రానైటు గుట్టలు, ఎర్రనేలలు. ఇంకా కిందికి, రామగుండం, మంథని, కాళేశ్వరం వైపు వస్తే గోండ్వానా ఇసుకరాయి. ఆ ఇసుకరాతి పొరల మధ్యే పెర్మియన్ యుగపు బొగ్గు ఉంది. దక్కను లావాకన్నా ఇరవై కోట్ల ఏళ్లు పెద్దది. ఈ నేల మీద మొన్నమొన్నటి దాకా దట్టమైన టేకు అడవి ఉండేది. వాన ఎక్కువ, తేమ ఎక్కువ. తడినేలలో గుర్రానికి గిట్టలు కుళ్లుతాయి. జోరీగలు మోసే సుర్రా జ్వరం గుర్రానికి ప్రాణాంతకం. ఆ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని 1880లో పంజాబులో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువైద్యుడు కనిపెట్టాడు. చెరువు కింద వరి పండించే ఊళ్లో దుక్కికి, బండికి, మోటకు ఎద్దు, దున్నపోతే సరిపోయాయి.

అందుకే లోయ ఎగువన గుర్రం పుట్టింది, దిగువన గుర్రం కొనుక్కోవలసిన సరుకు అయింది. కాకతీయుల కథ అర్థం కావాలంటే ఈ సంగతి గుర్తుండాలి.

సమాధుల్లో కళ్లేలు

ఈ నదీ పరీవాహకంలో గుర్రానికి దొరికిన తొలి ఆనవాళ్లలో కొన్ని మనకు ఉత్తరాన, నాగపూర్ దగ్గరి మహూర్‌ఝరీలో ఉన్నాయి. అక్కడి నీళ్లు వైన్‌గంగలో కలిసి, ప్రాణహితగా మారి, కాళేశ్వరం దగ్గర గోదావరిలోకి వస్తాయి. 1970–72 మధ్య శాంతారామ్ బాలచంద్ర దేవ్ నాయకత్వంలో అక్కడి రాకాసి గుళ్లను, అంటే బృహచ్ఛిలా సమాధులను తవ్వారు. మనుషుల ఎముకలతోపాటు గుర్రం ఎముకలు, ఇనుప కళ్లెపు ముక్కలు, గుర్రం ముఖానికి కట్టే రాగి తొడుగులు బయటపడ్డాయి. క్రీస్తుకు పూర్వం మొదటి సహస్రాబ్దిలోనే ఈ ప్రాంతపు మనుషులు గుర్రానికి నగలు పెట్టారు, చనిపోయిన యజమాని వెంట దాన్నీ పంపారు.

గత భాగంలో కోటిలింగాల నాణేల దగ్గర ఆగాం. ఆ నాణేల శాతవాహనుల రాణి నాగనిక నానేఘాట్ కనుమలో చెక్కించిన శాసనంలో రెండు అశ్వమేధాల ప్రస్తావన ఉంది. యజ్ఞ దక్షిణల్లో ఆవులు, ఏనుగులతోపాటు గుర్రాలూ ఉన్నాయి. నానేఘాట్ కొంకణ రేవుల నుంచి జున్నార్ మీదుగా పైఠాన్‌కు ఎక్కే దారి. పడమటి సముద్రం మీద దిగిన సరుకు గోదావరి లోయలోకి వచ్చిన పాత దారుల్లో అది ముఖ్యమైనది.

ఓడ దిగిన గుర్రం

పదమూడో శతాబ్దానికి వచ్చేసరికి దక్షిణాది రాజ్యాలన్నిటికీ గుర్రమే పెద్ద బెంగ. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ఈ బెంగకు సాక్ష్యం. మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉంది. తుపానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాను న్యాయమైన సుంకం తప్ప అన్నీ వదిలేస్తున్నానని ఆ శాసనంలో రాజు హామీ ఇస్తాడు. సుంకం ముప్పయ్యో వంతు. ఓరుగల్లులో కూర్చున్న రాజు అంత దూరపు తీరంలో, పరదేశి వర్తకుడికి ధైర్యం చెప్పడానికి రాయి నిలబెట్టాడంటే ఆ సరుకు అవసరం ఎంతటిదో ఊహించవచ్చు.

మార్కో పోలో ఈ రేవును ముట్ఫిలి అన్నాడు. ఇక్కడి వజ్రాలను, సన్నని బట్టలను వర్ణించాడు. గుర్రాల గురించి ఎక్కువ వివరం ఇచ్చింది మాత్రం దక్షిణాన పాండ్య దేశం దగ్గర. హొర్ముజ్, కిష్, ధోఫార్, ఏడెన్ రేవుల నుంచి ఏటా 2,000కు పైగా గుర్రాలు అక్కడికి వచ్చేవట. ఏడాది తిరిగేసరికి బతికేవి చాలా తక్కువట. వాటికి అన్నం, వండిన మాంసం పెట్టేవారని, లాడాలు కొట్టేవాళ్లు, మందులు తెలిసినవాళ్లు లేరని ఆశ్చర్యపోయాడు. పర్షియన్ చరిత్రకారుడు వస్సాఫ్ ఇంకా పెద్ద అంకె చెప్పాడు: ఏటా 10,000 గుర్రాలు, ఒక్కోటి 220 దీనారాలు. అంకెల్లో అతిశయోక్తి ఉన్నా విషయం ఒక్కటే. అరబ్బు గుర్రం ఈ తడి నేలలో నిలవలేదు, కాబట్టి ఏటా మళ్లీ కొనాల్సిందే.

కాకతీయుల కొలువులో ఏనుగుల దళాన్ని చూసే గజసాహిణి, గుర్రాల దళాన్ని చూసే అశ్వసాహిణి అనే పదవులు ఉండేవి. ‘నృత్తరత్నావళి’ రాసిన జాయప సేనాని గజసాహిణి. అశ్వసాహిణి చేతిలోని దళం ఎంతటిదో శత్రువుల రాతల్లో తెలుస్తుంది. 1309–10లో అలాఉద్దీన్ ఖల్జీ పంపిన మాలిక్ కాఫూర్ ఉత్తరం నుంచి దిగి, ఆసిఫాబాద్ సీమలోని సిర్పూర్‌గా చరిత్రకారులు గుర్తించిన కోటను గెలిచి, గోదావరి దాటి ఓరుగల్లును ముట్టడించాడు. ప్రతాపరుద్రుడు లొంగి ఇచ్చిన కానుకల్లో 100 ఏనుగులు, 7,000 గుర్రాలు ఉన్నాయని ఢిల్లీ చరిత్రకారుడు బరనీ రాశాడు. రత్నాల సంగతి ఎలా ఉన్నా, అన్ని గుర్రాలు చేజారితే కాకతీయ సైన్యానికి కాలు విరిగినట్టే. ఓడల మీద, ఏళ్ల తరబడి, సుంకాలు తగ్గించి మరీ కూడబెట్టుకున్న బలం ఒక్క ముట్టడితో ఢిల్లీ దారి పట్టింది.

విజయనగరానికీ అదే తిప్పలు. ‘ఆముక్తమాల్యద’లో రాజనీతి చెప్పేచోట కృష్ణదేవరాయలు రేవులను బాగుచేయమని, ఏనుగులు, గుర్రాలు తెచ్చే దూరదేశపు వర్తకులకు ఊళ్లు, ఇళ్లు, కొలువులో మర్యాద ఇచ్చి వాళ్ల సరుకు శత్రువుకు చేరకుండా చూడమని చెబుతాడు. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ లెక్క ప్రకారం రాయల ప్రభుత్వం ఏటా కొన్న గుర్రాలు 13,000. హొర్ముజ్ గుర్రాలతోపాటు దేశవాళీవీ ఆ లెక్కలో ఉన్నాయి. 1510లో గోవా పోర్చుగీసు చేతికి పోయాక ఈ బేరం మీద వాళ్లదే పెత్తనం.

ఈ దేశవాళీ గుర్రం ఎక్కడిదో నూనిజ్ చెప్పలేదు. ఆ కాలపు రాజులకూ, కవులకూ దాని మీద చూపు లేదు.

ఊళ్లో పుట్టిన బలం

చూపు మొదట పడింది అహ్మద్‌నగర్‌లో. ఆఫ్రికా నుంచి బానిసగా వచ్చి నిజాంషాహీ రాజ్యాన్ని నడిపిన మాలిక్ అంబర్ (1548–1626) మొఘలులతో ఎదురెదురుగా తలపడితే గెలవలేనని గ్రహించాడు. మొఘలు రౌతు ఎక్కేది పెద్ద ఇరాకీ, తుర్కీ గుర్రం. ఆయిన్-ఇ-అక్బరీలో గుర్రాల తరగతుల పట్టీ ఉంది; అరబీ పైన, పారశీకం ఆ తర్వాత, హిందుస్థానంలో పుట్టినవి అట్టడుగున. మాలిక్ అంబర్ ఆ అట్టడుగు గుర్రం మీదే తన యుద్ధాన్ని కట్టాడు. గోదావరి, భీమా ఒడ్ల మరాఠా రౌతులను పోగుచేసి, శత్రువు గింజల బండ్ల మీద, గడ్డి తెచ్చేవాళ్ల మీద రాత్రింబవళ్లు దాడులు చేయించాడు. 1624లో భాట్వడీ దగ్గర మొఘలు, బీజాపూర్ సైన్యాలను ఓడించాడు.

ఈ పద్ధతికి శివాజీ కట్టుదిట్టమైన లెక్క నేర్పాడు. సర్కారు గుర్రం ఎక్కేవాడు బార్గీరు, సొంత గుర్రంతో వచ్చేవాడు శిలేదారు. శివాజీ చరిత్ర చెప్పే సభాసద్ బఖర్ ప్రకారం 25 మంది బార్గీర్లకు ఒక హవల్దారు. ప్రతి పాతిక గుర్రాలకు ఒక నీళ్లు మోసేవాడు, ఒక లాడాలు కొట్టే నాల్‌బందు. పాండ్య దేశంలో లాడాలు కొట్టేవాడు లేడని పోలో వాపోయిన నాలుగు వందల ఏళ్లలోపే ఇది జరిగింది.

ఈ సైన్యానికి గుర్రాలు ఏ రేవు నుంచీ రాలేదు, చాలావరకు ఊళ్ల నుంచి వచ్చాయి. పటేలు, దేశ్‌ముఖ్, ఉన్నంతలో కలిగిన కుణబీ రైతు ఇంట ఆడ గుర్రం ఉండేది. పదకొండు నెలలు మోసి అది ఈనే పిల్ల ఇంటి ఆస్తి. మూడు నాలుగేళ్లు పెంచి సంతలో అమ్మితే శిస్తుకో, పెళ్లికో పనికొచ్చేది. అమ్మకుండా ఇంటి కుర్రాడే ఎక్కి సైన్యంలోకి పోతే శిలేదారు అయ్యేవాడు, జీతం, దోపిడిలో వాటా వచ్చేవి. దసరా దాటి సీమోల్లంఘనం అయ్యాక దండు కదిలేది. వానలకు ముందు తిరిగొచ్చేది. దుక్కి పని, దండు పని ఒకే ఏడాదిలో ఇమిడిపోయాయి. గుర్రాన్ని పెంచిన ఖర్చును రాజు ఖజానా మోయలేదు, కుటుంబం మోసింది. పాల్‌ఖేడ్ విజయం వెనక ఉన్న ఆర్థికం ఇదే.

గంగథడి గుర్రం చూడ్డానికి దర్జాగా ఉండదు. ఎత్తు తక్కువ, ఒళ్లు బిగువు, గిట్ట నల్లగా గట్టిగా ఉంటుంది. పెద్ద గుర్రానికి రోజూ గింజలు పడాలి, ఇది ఎండు చొప్పతో, దారిలో దొరికిన గడ్డితో నెట్టుకొస్తుంది. ఉంటే ఉలవ గుగ్గిళ్లు. తెలుగు నాట గుర్రాల లాయంలోనూ అదే మేత: రాత్రి నానబెట్టి ఉడికించిన ఉలవలు, కాస్త బెల్లం, పచ్చగడ్డి. శతాబ్దాలుగా దేశీ సాయిసులు నేర్చుకున్న ఈ మేత పోలో చూసిన అన్నం ముద్దల కన్నా గుర్రానికి ఎంతో మేలు.

సుడులు చూసే చదువు

గుర్రాన్ని కొనడం దక్కనులో ఒక విద్య. పళ్లు చూసి వయసు చెప్పడం అందులో తేలికైన భాగం. అసలు చదువు సుడులది. నుదుట సుడి ఎక్కడుంది, మెడ కింద ఉందా, జీను వేసేచోట ఉందా, రెండున్నాయా మూడున్నాయా అన్నదాన్ని బట్టి యజమాని యోగం చెప్పేవారు. నాలుగు కాళ్లూ ముఖమూ తెల్లగా ఉంటే పంచకల్యాణి. సంస్కృతంలో శాలిహోత్రుడి పేరు మీద సాగిన ఈ శాస్త్రాన్ని విజయనగర కాలంలో మనుమంచి భట్టు ‘హయలక్షణ విలాసము’గా తెలుగులో చెప్పాడు. మంచి రంగు, చెడ్డ రంగు, నడకల తీరు, రోగాలు, వాటి మందులు ఇలాంటి పుస్తకాల్లో కనిపిస్తాయి. ఆ మందుల్లో ఎన్నో నాటు పశువైద్యుల నోట ఈనాటికీ వినపడతాయి.

సుడి లెక్కకు శాస్త్రాధారం లేదని కొట్టిపారేయడం సులువే. అయితే ఆ లెక్కవల్ల ప్రతి గుర్రం మీదా నాలుగు జతల కళ్లు పడేవి. తల్లి ఎవరి ఇంటిది, తండ్రి ఏ ఊరిది అన్న ప్రశ్న బేరంలో భాగంగా ఉండేది. వంశం నోటి లెక్కలో నిలిచింది.

ఇక్కడే ఇంగ్లండు వేరే దారి పట్టింది. 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దం మొదట్లో తూర్పు దేశాల నుంచి మూడు మగ గుర్రాలు ఇంగ్లండు చేరాయి: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. అక్కడి ఆడ గుర్రాలతో వాటిని కలిపి పుట్టించిన సంతానమే థరోబ్రెడ్. పందెపు గుర్రాల వంశాలన్నిటినీ వెదర్‌బీ అనే కుటుంబం 1791లో ఒక పుస్తకంలోకి ఎక్కించింది. అప్పటి నుంచి ఆ పుస్తకంలో తల్లీ తండ్రీ ఇద్దరి పేర్లూ ఉన్న గుర్రమే థరోబ్రెడ్. ఇప్పుడు భారతదేశంలో ఆ పని పుణె నుంచి నడిచే స్టడ్‌బుక్ కార్యాలయం చేస్తోంది.

గంగథడిలోనూ అదే కాలంలో అదే రక్తం కలిసింది. బీదర్, గోల్కొండ, ఔరంగాబాద్ దర్బారుల అరబ్బు, పారశీక గుర్రాలు ఊళ్ల ఆడ గుర్రాల దాకా చేరాయి. అరబ్బు చురుకుదనం, దేశవాళీ ఓర్పు కలిసిన సంతతి తయారైంది. కొరవడింది దాని వంశం రాసిపెట్టే పుస్తకం ఒక్కటే. ఆ లోటు తర్వాతి వందేళ్లలో దాని ప్రాణం మీదికి తెచ్చింది.

మాళేగావ్ జాతర, నాందేడ్ లాయం

నాందేడ్ జిల్లా లోహా తాలూకాలో మాళేగావ్ ఉంది. మార్గశిర అమావాస్య దగ్గర అక్కడ ఖండోబా జాతర మొదలవుతుంది. గుర్రమెక్కిన ఖండోబాను మనం మల్లన్న అంటాం. కొమురవెల్లిలో, మన పెద్దపల్లి జిల్లా ఓదెలలో కొలిచే దేవుడే. బండారు చల్లడం అక్కడా ఇక్కడా ఒక్కటే, మన ఒగ్గు పూజారిలాగే అక్కడ వాఘ్యా, మురళీలు దేవుడి కథ పాడతారు. దేవుడి వాహనం గుర్రం కాబట్టి జాతరలో గుర్రాల సంత జరగడం సహజం. నిజాం రాజ్యం ఉన్న రోజుల్లో హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యపు రిసాలాలకు (గుర్రపు దళాలకు), జమీందార్లకు, టాంగా తోలేవాళ్లకు మాళేగావ్ పెద్ద బజారు. గుర్రం, తట్టు, కంచరగాడిద, గాడిద, ఒంటె ఏది కావాలన్నా అక్కడికే పోయేవారు. సంత ఇప్పటికీ సాగుతోంది.

నాందేడ్‌లో గోదావరి ఒడ్డున మరో గుర్రపు సంప్రదాయం బతికి ఉంది. 1708లో గురు గోవింద్ సింగ్ అక్కడే పరమపదించారు. 1830లలో మహారాజా రంజిత్ సింగ్ కట్టించిన హజూర్ సాహిబ్ గురుద్వారాకు సొంత లాయం ఉంది. ఆ లాయంలోని గుర్రాలు గురువుగారి గుర్రం సంతతేనని భక్తుల నమ్మకం. హోలా మొహల్లా, దసరా ఊరేగింపుల్లో అవి ముందు నడుస్తాయి. ఊరేగింపు గుర్రాన్ని ఎవరూ ఎక్కరు. దిగువ నుంచి నాందేడ్‌కు రైలెక్కి పోయే మన సింగరేణి కుటుంబాలు చాలానే ఈ గుర్రాలను చూసి ఉంటాయి.

రిసాలా నుంచి రేసుకోర్సుకు

19వ శతాబ్దంలో గంగథడి గుర్రానికి ఆఖరి పెద్ద గిరాకీ హైదరాబాద్ కంటింజెంట్. నిజాం ఖర్చుతో, ఇంగ్లీషు అధికారుల కింద నడిచిన ఈ సైన్యానికి జాల్నా, హింగోలీ, మోమినాబాద్‌లలో రిసాలా ఛావనీలు ఉండేవి. మూడూ లోయలోనో, దాని అంచునో ఉన్నవే. రౌతు సొంత గుర్రంతో చేరే శిలేదారీ పద్ధతే ఇక్కడా నడిచింది. మేలుజాతి కోసం నిజాం ప్రభుత్వం పడమటి జిల్లాల్లో అరబ్బు మగ గుర్రాలను ఉంచి, రైతుల ఆడ గుర్రాలతో కలిపించే ఏర్పాటు చేసింది.

కానీ సైన్యం కొలతబద్ద మారిపోయింది. గుర్రం ఎత్తును చేతుల్లో కొలుస్తారు, చెయ్యి అంటే 4 అంగుళాలు. 14 చేతుల 2 అంగుళాలకు తగ్గితే దాన్ని తట్టుగానే లెక్కకట్టారు. మందుగుండు సామానుతో బరువెక్కిన రౌతుకు, ఫిరంగి బండికి పెద్ద గుర్రం కావాలన్నారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ నుంచి ఓడల్లో దిగిన ‘వేలర్’ గుర్రాలు ఆ ఖాళీలో స్థిరపడ్డాయి. మైసూరులో టిప్పు కాలపు కుణిగల్ లాయం, తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే హోసూరులో కుంపిణీ సైన్యం 1824లో పెట్టిన పశుక్షేత్రం వంటివి సర్కారు అజమాయిషీలో పెద్ద గుర్రాల కోసం పనిచేశాయి. ఊరి రైతు ఇంటి పెంపకానికి అలాంటి అండ నిలకడగా దొరకలేదు.

1903లో కంటింజెంట్ రిసాలాలు బ్రిటిష్ ఇండియన్ సైన్యంలో కలిసిపోయాయి. వాటిలో 20వ దక్కన్ హార్స్ 1916 జులై 14న ఫ్రాన్సులో సోమ్ యుద్ధంలో, హై వుడ్ అనే అడవి దగ్గర ఈటెలతో గుర్రాల మీద దాడి చేసింది. మర తుపాకుల కాలంలో పడమటి యుద్ధరంగం చూసిన అరుదైన అశ్వదాడి అది. నిజాం సొంత ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు ఈజిప్టు, పాలస్తీనాల్లో పోరాడారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ రౌతుది, మిగిలినవి జోధ్‌పూర్, మైసూరులవి. యుద్ధం ముగిశాక శిలేదారీ రద్దయింది. దక్కన్ హార్స్ తర్వాత ట్యాంకులెక్కింది. 1965లో అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ట్యాంకులతో తలపడిన రెజిమెంట్లలో అదీ ఉంది.

ఇక గుర్రానికి మిగిలిన పెద్ద పోషకుడు పందెం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో, రేసులు మౌలాలి నుంచి మలక్‌పేటకు మారాయి. ఈరోజు అక్కడ దక్కన్ డెర్బీలో పరుగెత్తేది స్టడ్‌బుక్‌లో పేరెక్కిన థరోబ్రెడ్ మాత్రమే. దేశంలో ఆ గుర్రాలను పెంచే పేరున్న క్షేత్రాలు కొన్ని పుణె చుట్టుపక్కల ఉన్నాయి. పుణె మీదుగా పారే ములా-ముఠా భీమా నదికి ఉపనది. పాత గుర్రాల లోయలోనే కొత్త గుర్రాల క్షేత్రాలు వెలిశాయి. అయినా ఆ కంచె లోపలి గుర్రానికీ కంచె బయట గొర్రెల మంద వెంట మూటలు మోసే తట్టుకూ చుట్టరికం లేదు.

రైలు వచ్చాక

లోయలో గుర్రం తగ్గడానికి యుద్ధాలు ఆగిపోవడం ఒక కారణం. బీళ్లు పత్తి చేలుగా మారడం ఇంకో కారణం. మూడోది రైలు. 1920లలో కాజీపేట–బల్హార్షా మార్గం వేశారు, 1929 నాటికి ఢిల్లీ–మద్రాసు దారి మన రామగుండం మీదుగా తెరుచుకుంది. అదే దశకం చివర బెల్లంపల్లిలో బొగ్గు తవ్వకం మొదలైంది. బొగ్గుతో నడిచే రైలు, ఆ తర్వాత మోటారు బస్సు వచ్చాక తాలూకా కచేరీకి గుర్రం మీద పోయే తహసీల్దారు, పటేలు కనుమరుగయ్యారు. టాంగాలు కొన్నాళ్లు స్టేషన్ల ముందు నిలబడ్డాయి, ఆటో వచ్చాక అవీ పోయాయి. 2019 పశుగణన నాటికి దేశం మొత్తంలో గుర్రాలు, తట్టులు కలిపి సుమారు 3.4 లక్షలే. 2012తో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గాయి.

మిగిలిన దక్కనీ తట్టును కాపాడింది ధన్‌గర్లు. గొర్రెల మందలతో ఏడాదిలో చాలా నెలలు దారుల మీదే ఉండే ఈ కాపరులకు గుడారం, గిన్నెలు, కోళ్లు, నడవలేని గొర్రెపిల్లలు, పసిపిల్లలను మోయడానికి తట్టు కావాలి. చేలగట్ల వెంట, రాళ్ల దారుల్లో వేరే వాహనం పోదు. వాళ్ల గుర్రాలనే కొలిచి, రక్తపు నమూనాలు తీసి, జన్యువులు పోల్చి చూసి, కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ ఇటీవల భీమ్‌థడిని ప్రత్యేక జాతిగా నమోదు చేసింది. మార్వాడీ, కాఠియావాడీ, మణిపురీ, స్పితీ, జన్‌స్కారీ, భూటియా, కచ్ఛీ-సింధీల తర్వాత దేశంలో గుర్తింపు పొందిన ఎనిమిదో గుర్రపు జాతి అది. ఇంగ్లండు 1791లో చేసిన పని దక్కను గుర్రానికి రెండు వందల ఏళ్లు ఆలస్యంగా మొదలైంది.

గంగథడి పేరు మాత్రం ఏ నమోదు పుస్తకంలోనూ విడిగా ఎక్కలేదు. నాందేడ్, పర్భణీ, బీడ్ జిల్లాల్లో మందల వెంట తిరుగుతున్న తట్టులు భీమ్‌థడితో ఎంత కలుస్తాయి, ఎక్కడ వేరుపడతాయి అన్నది కొలిచి తేల్చదగ్గ విషయం. మాళేగావ్ జాతరకు వచ్చే గుర్రాల దగ్గరే ఆ పని మొదలుపెట్టవచ్చు. అమ్మేవాడు, కొనేవాడు, తల్లి వంశం చెప్పగల ముసలివాళ్లు ముగ్గురూ అక్కడ ఒకేచోట దొరుకుతారు. ఈ పని మహారాష్ట్రది మాత్రమే అని తెలంగాణ పక్కకు తప్పుకోకూడదు. ఒకప్పుడు నాందేడ్, పర్భణీ, కరీంనగర్ ఒకే రాజ్యంలో జిల్లాలు. ఆ రాజ్యపు రెవెన్యూ, సైనిక దస్త్రాలు ఎన్నో హైదరాబాద్‌లోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో ఉన్నాయి. రిసాలాల గుర్రాల పట్టీలను ఉర్దూ, ఫార్సీ చదవగల పిల్లలతో వెతికించి అచ్చు వేయిస్తే లోయ పశువుల చరిత్రకు గట్టి పునాది పడుతుంది. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు, పశువైద్య కళాశాలలు కలిసి చేయగల పని ఇది. చూసినవాళ్ల జ్ఞాపకం ఇంకా ఉండగానే చేయాలి.

(వచ్చే భాగంలో: 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర కనిపెట్టిన బొగ్గు, 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీస్ కంపెనీ, ఆ తవ్వకం నది వెంట పైకి పాకుతూ గోదావరిఖని చేరిన దారి.)